పదకొండు పలకలు, ఒకే బొటనవేలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మాస్టారూ" అంటుంటారు. నేను నెగ్గిన సంగతులు నాలుగో అయిదో ఉన్నాయి. అవి వినడానికి మా ఆవిడ ఉంది, పాపం వింటుంది కూడా. మీకు పనికొచ్చేది నేను బోర్లాపడ్డ సంగతి. అదే చెబుతాను.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. హాజరుపట్టీలో టిక్కులన్నీ ఒకే సిరాతో ఉంటే అనుమానం, రకరకాల సిరాలతో ఉంటే ఇంకా అనుమానం. పిల్లలు చకచకా జవాబులు చెబితే బట్టీ పట్టించారేమోనని, నసిగితే అసలు చెప్పలేదేమోనని. అలాంటివాణ్ణి పట్టుకుని తొంభైల చివర్లో మండల రిసోర్స్ పర్సన్ని చేశారు. అంటే పాఠం చెప్పే పని తగ్గించి, బడులన్నీ తిరిగి ఎవరెలా చెబుతున్నారో చూసి ఆఫీసుకి రాయమన్నారు. నాకది ఉద్యోగంలా కాదు, పండగలా ఉండేది. మా మండలంలో టీచర్లు నాకు 'భూతద్దం మాస్టారు' అని పేరు పెట్టారని తెలిసినప్పుడు పైకి కోప్పడ్డాను గానీ లోపల పొంగిపోయాను.

మా మండలంలో గోదావరి పాయ మధ్య ఒక లంక ఉండేది. అరటితోటలు, మిరప, కాస్త పొగాకు, ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇళ్లు. ఒకటీ రెండూ తరగతులకి ఒక గది బడి. హెడ్మాస్టరు ఒకాయన, విద్యా వాలంటీరు ఒకమ్మాయి, పిల్లలు పదకొండు మంది. అందరూ అయిదేళ్ల నుంచి ఏడేళ్ల లోపు వాళ్లు.

హెడ్మాస్టరు నాకు స్నేహితుడు. ట్రైనింగులో పక్కపక్క మంచాలు మావి. సాయంత్రమయితే గట్టు మీద టీ కొట్టు దగ్గర ఇద్దరం కలవాల్సిందే. ఆయన లంకకి ఎప్పుడోగాని వెళ్లడని నాకు తెలుసు. తెలిసి కూడా నేను ఒక్క ముక్క రాయలేదు. అందరూ చేసేదే కదా అనుకున్నాను. మండలమంతా భూతద్దం పెట్టి చూసినవాడికి ఎదురుగా గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి కనపడలేదు.

బడి నడిపేది ఆ వాలంటీరు అమ్మాయే. లంకలోనే పుట్టింది, తండ్రి చేపలు పడతాడు, ఇంటర్ చదివింది. చిన్నపిల్లలకి బొమ్మల పని నేర్పమని మేం ట్రైనింగులో ఒక పుస్తకం ఇచ్చాం. అందులో అన్నీ రంగు కాగితాలూ స్కెచ్ పెన్నులూ. ఆ లంకకి సుద్దముక్కలే సరిగ్గా చేరవు. ఆ అమ్మాయి పుస్తకం పక్కన పెట్టి, ఏ నెలలో లంకలో ఏది దొరికితే అది పిల్లల చేతికి ఇవ్వడం మొదలుపెట్టింది. జూలైలో ఆకులకి బచ్చలిపండ్ల రసం పూసి కాగితం మీద అచ్చులు. చలికాలంలో చిక్కుడు గింజలు, గుమ్మడి గింజలు తుమ్మజిగురుతో అంటించి కోళ్లూ చేపలూ. అరటి డొప్పలతో పడవలు. నెలకొక వరస చొప్పున గోడ నిండా తగిలించేదట. ఇదంతా నేను కాగితం మీద చదివిందే. వెళ్లి చూడలేదు. పడవ ఎక్కాలి కదా.

ఆ ఏడాది శ్రావణంలో వరద వచ్చి తగ్గింది. ఆ నెల టీచర్ల సమావేశానికి ప్రతి బడీ పిల్లలు చేసినవి తెచ్చి బల్ల మీద పెట్టాలి. అన్ని బల్లల మీదా అవే అట్టముక్కల గడియారాలు, అవే థర్మాకోల్ ఇళ్లు. అవి ఎవరు చేశారో అందరికీ తెలుసు, మార్కెట్ వీధిలో ఎంతకి దొరుకుతాయో కూడా తెలుసు. లంక బడి బల్ల మీద మాత్రం ఒక వెదురుబుట్ట, అందులో ఎండుగడ్డి పరిచి పదకొండు మట్టిపలకలు.

వరద తీశాక ఒడ్డున ఒండ్రు ఆరి పగుళ్లు బారుతుంది చూడండి, ఆ పెచ్చులే. పచ్చిగానూ కాకుండా, పూర్తిగా ఎండకుండా ఉన్నప్పుడు జాగ్రత్తగా లేపి, తుమ్మముల్లుతో గీయించింది. ఒకదాని మీద కొంగ. ఒంటికాలి మీద నిలబడి మెడ లోపలికి లాక్కున్న కొంగ. ఇంకోదాని మీద పడవలో మేక. పడవ ఒరిగింది, మేక నాలుగు కాళ్లూ బిగదీసుకుని ఉంది. అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. మండల విద్యాధికారి గారు ఆ మేకని చూసి రెండుసార్లు నవ్వారు. ఆయన ఏడాదికి ఒకసారి నవ్వే మనిషి.

నేను నవ్వలేదు. ఆరేళ్ల పిల్ల చెయ్యి అంత నిబ్బరంగా గీత గీస్తుందా? "పిల్లలే వేశారా అమ్మాయ్?" అని అడిగాను. "ఆయ్, ఆళ్లేనండి" అంది తల వంచుకుని. తల ఎందుకు వంచుకుంది అనుకున్నాను.

వారం తిరక్కుండానే ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. లంక బడి కాగితాల మీదే ఉందని, వరద దగ్గర్నుంచి తలుపు తియ్యలేదని, వాలంటీరు ఇంట్లో కూర్చుని తనే బొమ్మలు చేసి పిల్లల పేర్ల చీటీలు అంటిస్తోందని. విద్యాధికారి గారు అది నా చేతికిచ్చి అన్నారు: "మాస్టారూ, నిజమైతే ఆ బడి ఎత్తేసి గట్టు మీద బడిలో కలిపెయ్యాలి. చిన్న బడులు తగ్గించమని పైనుంచి ఎలాగూ అడుగుతున్నారు. మీరు చూసి రాయండి. మీరు రాసిందే పైకి పంపుతాను."

గట్టు మీద బడిలో కలపడమంటే ఆ పదకొండు మందీ రోజూ రెండు పూటలా పడవ మీద పాయ దాటాలి. శ్రావణ భాద్రపదాల్లో ఆ పాయ ఎలా ఉంటుందో చూసిన తల్లి ఎవరూ అయిదేళ్ల పిల్లని పంపదు. అంటే ఆ పిల్లలకి చదువు లేనట్టే. ఇది నాకు ఆ రోజే తెలుసు. 'తర్వాత తెలిసింది' అని చెప్పుకునే వీలు నాకు లేదు.

పలకల బుట్ట ఆఫీసులోనే ఉంది. తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కొక్కటీ తీసి చూశాను. పలక లేపినప్పుడు మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి అడుగున నాలుగు వేళ్ల గుంటలు, అంచు మీద బొటనవేలి ముద్ర పడ్డాయి. పక్కన నా బొటనవేలు పెట్టి చూశాను. దాదాపు నా వేలంత ఉంది! పిల్లలది కానే కాదు. పైగా ఆ ముద్రలో అడ్డంగా ఒక గాటు ఉంది, ఎప్పుడో తెగి మానిన గాటు. రెండోది తీశాను. అదే గాటు. మూడోది, నాలుగోది... పదకొండు పలకల మీదా పదకొండు పేర్లు, బొటనవేలు మాత్రం ఒకటే.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర నా ఆనందం మీరు చూడాల్సింది. కూర్చోలేక నిలబడి చెప్పాను. హెడ్మాస్టరు గ్లాసు కింద పెట్టి అంతా విన్నాడు.

"వేలిముద్రలా! అబ్బా, మీవి కళ్లు కావండి మాస్టారూ, ఎక్స్‌రేలు" అన్నాడు.

"మీకు ముందే తెలుసా ఆ అమ్మాయి సంగతి?"

"చిన్నపిల్ల కదా అని ఊరుకున్నానండి. ఏమంటాం? మీరు రాసెయ్యండి. పిల్లలు కూడా గట్టు మీద బడిలో బాగుపడతారు."

నా ధోరణిలో నేనున్నాను కాబట్టి ఆ మాట నాకు దయగా వినిపించింది. మర్నాడు పొద్దున్నే రిపోర్టు రాసేశాను. 'లంకలో విచారించగా' అని మొదలుపెట్టాను. లంకలో నేను అడుగు పెట్టలేదు. దొంగ హాజరు పట్టుకోవడంలో పేరుమోసిన మనిషి, వెళ్లని ఊళ్లో విచారించినట్టు సంతకం పెట్టాడు. ఆ పూట అది నాకు తప్పులా కూడా అనిపించలేదు, పని తొందరగా తెమిలినట్టనిపించింది.

విద్యాధికారి గారు చదివి, "ఊరివాళ్ల సంతకాలు ఇద్దరు ముగ్గురివి ఉంటే గట్టిగా ఉంటుంది, తెచ్చెయ్యండి" అన్నారు. అలా, రాయడం అయిపోయాక చూడ్డానికి బయల్దేరాను.

చెప్పకుండా వెళ్లాను. పడవవాడు నన్ను చూసి గట్టిగా దగ్గాడు. అవతలి ఒడ్డుకి సైగేమో అనుకున్నాను. పాయ మధ్యకొచ్చాక మళ్లీ దగ్గాడు, ఇంకోసారి దగ్గాడు. నిజంగా దగ్గే. పడవ ఒరిగినప్పుడల్లా నేను చెక్కని పట్టుకోవడం చూసి నవ్వుకున్నట్టున్నాడు కూడా.

బడి దగ్గరికెళ్తే తాళం! నా గుండె సంతోషంతో కొట్టుకుంది. సిగ్గుగా ఉంది గానీ అదే నిజం. కిటికీలోంచి చూస్తే గోడ నిండా ఆకుల అచ్చులు, గింజల కోళ్లు. ఇన్ని చెయ్యడానికి ఎన్ని రోజులు కూర్చుందో పాపం అనుకున్నాను. ఇంతలో ఒడ్డు వైపు నుంచి పిల్లల అరుపులు వినిపించాయి.

వెనక వారమే మళ్లీ నీళ్లొచ్చి తీశాయి. ఒడ్డున కొత్త ఒండ్రు మెరుస్తోంది. మెరక మీద అరటిగెలలకి కట్టే తాడు ఒకటి అడ్డంగా కట్టి ఉంది. తాడుకి ఇవతల పదకొండు మందీ వరసగా కూర్చున్నారు. అవతల ఆ అమ్మాయి చీర ఎగదోపుకుని, ఒక చెక్క మీద మోకాళ్లూని, పలకలు లేపుతోంది. చెక్క జారి ఒక కాలు మోకాలి దాకా దిగబడిపోయి ఉంది. ఒక్కో పలక జాగ్రత్తగా ఎత్తి, తాడు మీదుగా ఒక్కో పిల్ల చేతిలో పెడుతోంది.

"మీరే ఎందుకు తియ్యడం? పిల్లల్ని తీసుకోనివ్వచ్చుగా?" అన్నాను. మాటలో మర్యాద ఉంది, గొంతులో లేదు.

"ఊబండి. తాడు దాటితే దెబ్బలేనని చెప్పానండి. నిరుడు దూడ దిగబడిపోయిందండి ఇక్కడే." చేతులు కడుక్కుని నమస్కారం పెట్టింది. కుడి బొటనవేలి మీద అడ్డంగా గాటు. వలతాడు కోసిన గాటట.

అక్కడితో మామూలు మనిషి అయితే ఆగిపోతాడు. నేను ఆగలేదు. లేపింది ఆవిడే సరే, గీసింది కూడా ఆవిడే ఎందుకు కాకూడదు? పడవలో మేక వేసిన పిల్ల ఎవరని అడిగాను. పళ్లూడిన ఒక పిల్ల లేచి నిలబడింది. ఆరేళ్లుంటాయి.

"ఏదీ, ఆ మేకని మళ్లీ వెయ్యి."

వెయ్యలేదు. పలక వంక, నా వంక చూసింది.

"వెయ్యమ్మా. నువ్వే కదా వేశావు?"

"అది అయిపోయిందండి" అంది.

"అయిపోవడమేంటి?"

"వరదప్పుడు మేకని పడవెక్కించాం కదండి. అది వేసేశానండి. ఇప్పుడు మేక ఇంట్లో ఉందండి."

నేను చేతిలో ఉన్న పుస్తకంలో 'తిరిగి వేయలేకపోయింది' అని రాసుకున్నాను. చూశారా, ఎంత తెలివో! ఆ నెల ఆ నెలలో చూసింది వెయ్యమని నేర్పిన పిల్లని పట్టుకుని, పోయిన నెల మళ్లీ వెయ్యమన్నాను. వెయ్యకపోతే దొంగతనం కింద రాసుకున్నాను. తర్వాత పదకొండు మంది పిల్లల ఎదురుగా, వాళ్ల టీచర్ని అడిగాను: "ఇవన్నీ వేసింది నువ్వేనా? నిజం చెప్పు."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "నాకు బొమ్మలు రావండి" అంది.

నేనొక పలక తీసుకుని ముల్లు చేతికిచ్చాను. "కాకి వెయ్యి."

వేసింది. దాన్ని కాకి అని ఆవిడ చెప్పింది కాబట్టి కాకి అనాలి. చెంబుకి రెండు పుల్లలు గుచ్చినట్టుంది. పిల్లలు పకపకా నవ్వారు. "మా టీచర్ గారికి కాకి రాదండి! ఎప్పుడూ రాదండి!" అని ఒకడు నాకు సర్దిచెప్పాడు. ఆవిడ కూడా నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

రానట్టు వెయ్యడం ఎంతసేపు అని కూడా అనుకున్నాను ఒక్క క్షణం. కానీ ఈలోగా పిల్లలు నన్ను మరిచిపోయి తమ పలకల మీదకి వంగారు. గంటసేపు కూర్చున్నాను. పళ్లూడిన పిల్ల నాలుక బయటపెట్టి ఏదో గీస్తోంది. కాసేపటికి చూస్తే ఒక లావుపాటి మనిషి, పడవ చెక్క పట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు. నేనే. నేను పడవలో వస్తుంటే ఆ పిల్ల ఎక్కడి నుంచి చూసిందో! గీత మాత్రం మేకది ఎలా ఉందో అలాగే నిబ్బరంగా ఉంది.

ఊరివాళ్ల సంతకాలు ఒక్కటీ అడక్కుండానే తిరుగు పడవ ఎక్కాను. ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి విద్యాధికారి గారు ఉత్సాహంగా ఉన్నారు. "రండి మాస్టారూ. మీరు రాసింది ఊళ్లోవాళ్లకీ తెలుసండోయ్. ఇదిగో ఇంకో ఉత్తరం." చదివాను. 'పలకల మీద బొటనవేలు చూసుకోండి, అన్నిటి మీదా వాలంటీరు వేలే, గాటు కూడా ఉంటుంది' అని ఉంది.

గాటు సంగతి నేను రిపోర్టులో రాయలేదు. పెద్దల వేలిముద్రలు అని మాత్రం రాశాను. గాటు గురించి నేను నోరు తెరిచి చెప్పింది ఈ భూమ్మీద ఒక్క మనిషికే, టీ గ్లాసు చేతిలో ఉండగా.

ఆ సాయంత్రం టీ కొట్టుకి వెళ్లాను. ఉత్తరం గురించి అడగలేదు. గాటు గురించి ఎవరికైనా చెప్పారా అన్నాను, అంతే. ఆయన గోదావరి వైపు తిరిగాడు.

"నాకు ఈత రాదండి మాస్టారూ" అన్నాడు. "ముందు ఏడాది పడవ తిరగబడబోయింది. అప్పట్నుంచి పడవ చూస్తే చేతులు చల్లబడిపోతాయి. బడి ఎత్తేస్తే నన్ను గట్టు మీద వేస్తారు. రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుంది. నేనేం చెయ్యనండి?"

"ఆ పిల్లలేం చెయ్యాలండి?"

నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది. ఆయన దొంగచాటుగా రాశాడు. నేను సంతకం పెట్టి మరీ రాశాను.

పొద్దున్నే వెళ్లి నా రిపోర్టు వెనక్కి ఇమ్మన్నాను. అప్పటికే నంబరు పడిపోయింది, మధ్యాహ్నం టపాలో పైకి వెళుతుంది. "అయితే దాంతో పాటు ఇది కూడా పంపండి" అని ఇంకో కాగితం రాసిచ్చాను. మొదటి రిపోర్టు లంకకి వెళ్లకుండా రాశానని, అందులో ప్రతి వాక్యం తప్పని, బడి రోజూ నడుస్తోందని, పిల్లలు గీయడం గంటసేపు కళ్లారా చూశానని. హెడ్మాస్టరు ఆ ఏడాది లంకకి వెళ్లడం లేదని కూడా రాశాను. ఉత్తరాల సంగతి రాయలేదు.

విద్యాధికారి గారు రెండుసార్లు చదివారు. "మాస్టారూ, ఇది పంపితే ముందు మీకే మెమో."

"రానివ్వండి."

"ఇంకోసారి ఆలోచించుకోండి. మొదటిది ఒక్కటీ వెళ్తే మీకేం కాదు."

"అందుకేనండి పంపమంటున్నది."

ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశారు. నన్ను అనుమానంగా చూశారని నాకు అనిపించింది. బహుశా నిజంగానే చూశారు. ఆయన అనుకున్నది ఏమై ఉంటుందో నాకు తెలుసు: ఈయనకి లంకలో ఎవరు ఏం ముట్టజెప్పారో అని. నేనయినా అదే అనుకునేవాణ్ణి.

మెమో వచ్చింది. రిసోర్స్ పర్సన్ పని పోయి మామూలు బడికి వచ్చాను. హెడ్మాస్టరుని లంక నుంచి తీసి గట్టు మీదే వేశారు. ఆయన కోరుకున్నదీ అదే, నేను నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీ కొట్టుకి ఇద్దరం వెళ్లడం మానేశాం. లంక బడి మాత్రం నిలబడింది.

దసరా సెలవులయ్యాక ఒకరోజు లంకకి వెళ్లాను. ఈసారి పుస్తకం లేదు, పెన్ను లేదు. ఒడ్డంతా రెల్లు పూసి తెల్లగా ఉంది. పిల్లలు రెల్లుకంకుల కుచ్చులతో, బచ్చలిపండ్ల రంగులో ముంచి, పాత న్యూస్‌పేపర్ల మీద ఏవో వేస్తున్నారు. ఆ అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. క్షమించమని అడిగాను.

"బడి ఉంది కదండి. అంతే చాలండి" అంది. నన్ను క్షమించినట్టు మాత్రం అనలేదు, నేను గమనించాను.

పళ్లూడిన పిల్ల అప్పుడే కుచ్చు రంగులో ముంచి, తలెత్తి నన్ను చూసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కుచ్చు జాగ్రత్తగా పక్కన పెట్టి, పక్కపిల్ల భుజం పట్టుకుని కుదిపింది.

"ఒసేయ్, ఇటు చూడవే. నేను ఏత్తన్నాను. నేనే ఏశానని మేస్టారికి నువ్వు చెప్పాలి."

పక్కపిల్ల తన బొమ్మ మానేసి, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, ఆ పిల్ల చేతినే చూస్తూ సాక్ష్యానికి కూర్చుంది.